రైలు పేపరు రిఫరీ

ఆ రోజుల్లో భయం చాలా చవకగా దొరికేది. ఎవరైనా తలుపు గట్టిగా తడితే భయం, టెలిగ్రాం వస్తే భయం, మేష్టారు మనల్ని పూర్తి పేరుతో పిలిస్తే భయం. ఇప్పటి పిల్లలు దేనికీ జంకరని మా వయసు వాళ్ళం సాయంత్రాలు బెంచీల మీద చేరి ఆశ్చర్యపోతుంటాం (అందులో అసూయ కూడా కొంత కలిసి ఉంటుంది, దాచడం ఎందుకు). నేను ఇరవయ్యో ఏట నుంచి ఈ రోజు దాకా డైరీ రాస్తున్నవాణ్ణి. మొన్న వానలు వెనకపట్టాక నోటుపుస్తకాలకు చెమ్మ పట్టి ఉంటుందేమోనని ట్రంకుపెట్టె డాబా మీదికి ఎక్కించి, పుస్తకాలన్నీ సంవత్సరాల వరసలో ఎండకు పరిచాను. ఒకదాంట్లో తొమ్మిది రోజుల పాటు వరసగా ఒకే మాట కనిపించింది. మొదటి రోజు "భయం." రెండో రోజు "భయం." అయిదో రోజు "భయం. మధ్యాహ్నం కొంత తగ్గి, సాయంత్రం మళ్ళీ పెరిగినది." ఆస్పత్రిలో మంచానికి వేలాడదీసే జ్వరం కాగితంలా ఉంది. కారణం మాత్రం ఎక్కడా రాయలేదు. డైరీ ఎవరి కంటనైనా పడుతుందేమోనని అదొక భయం. ఆ కారణం ఇప్పుడు రాస్తున్నాను. నన్ను కోప్పడవలసిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బి.ఏ. పాసయి, రెండేళ్ళు ఊరికే తిరిగి, ఒరిస్సాలోని బరంపురంలో, గోసాని నువాగాం పేటలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. మా అక్క ఇంటికి రెండు వీధుల అవతల ఒక రిటైరయిన రాజనీతి శాస్త్రం లెక్చరరు గారు ఇంగ్లీషులో ఒక పత్రిక నడిపేవారు. మూడు నెలలకొకసారి వచ్చేది. జాతీయ రాజకీయాల మీద, అంతర్జాతీయ సంబంధాల మీద దేశం నలుమూలల నుంచి ప్రొఫెసర్లు రాసిన వ్యాసాలు అందులో పడేవి. ఆయన్ని అందరూ పెద్దసారు అనేవారు. పత్రిక ఆఫీసంటే ఆయన ఇంట్లోని రెండు గదులే. ముందుగదిలో జాతీయ రాజకీయాల వ్యాసాలు, వెనకగదిలో అంతర్జాతీయ సంబంధాల వ్యాసాలు. వెనకగదిలోనే అమ్మగారు (పెద్దసారు భార్య) అప్పడాల డబ్బాలు పెట్టుకునేవారు. అందువల్ల ప్రపంచశాంతి మీద వచ్చిన ప్రతి వ్యాసానికీ మా దగ్గర ఇంగువ వాసన పట్టేది. మా బావగారు ఎవరితోనో చెప్పించి ఆ ఆఫీసులో నన్ను గుమాస్తాగా పెట్టించారు. ఉత్తరాలు టైపు చెయ్యడం, కట్టలు కట్టి పోస్టు చెయ్యడం, వచ్చినదీ పోయినదీ రిజిస్టరులో రాయడం నా పని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. పెద్దసారు రిజిస్టరు చూసి మురిసిపోయేవారు. ఆ మురిపెమే నా కొంప ముంచింది.

అలాంటి పత్రికల్లో ఒక పద్ధతి ఉంటుంది. వచ్చిన వ్యాసాన్ని సంపాదకుడు తనంతట తాను అచ్చుకివ్వడు. ఆ విషయం తెలిసిన ఇద్దరు పెద్దలకు పంపి అభిప్రాయం అడుగుతాడు. వాళ్ళని రిఫరీలంటారు. పంపేముందు వ్యాసం మీద రాసినవారి పేరు తీసేస్తారు. రిఫరీ అభిప్రాయం రాసినవారికి పంపేటప్పుడు దాని మీద రిఫరీ పేరు తీసేస్తారు. పనిలో చేరిన రోజున పెద్దసారు నన్ను కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పారు. "రాసినోడికి సూసినోడెవుడో తెలకూడదు. సూసినోడికి రాసినోడెవుడో తెలకూడదు. ఇద్దరూ తెలిసినోళ్ళం ఈ ఇంట్లో ఇద్దరవే. నానొకణ్ణి, నువ్వొకడివి. నాను నోరు మూసుకుంటాను. నువ్వో?" నేను అప్పుడే నోరు మూసుకున్నాను. నాకు ముందున్న గుమాస్తా ఒక రిఫరీ పేరు టీకొట్టులో నోరు జారితే, చేతిలో టీ చల్లారేలోపు ఉద్యోగం పోయిందని అప్పటికే విని ఉన్నాను. ఆ జాగ్రత్తలో నేను చేసిన మొదటి పని ఏమిటంటే, గంజాం జిల్లా ఎన్నికల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాసినాయన పేరే కాక, ఆనవాలు పట్టిస్తాయేమోనని ఊళ్ళ పేర్లు, పార్టీల పేర్లు, చివరికి మార్కండి అనే పల్లెలో బెస్తవారు ఓటెందుకు వెయ్యలేదో చెప్పిన భాగం మొత్తం నల్లసిరాతో కప్పేశాను. రిఫరీ ఆ వ్యాసం తిప్పి పంపుతూ, మిగిలిన నాలుగు వాక్యాలూ బాగున్నాయని రాశాడు.

ఇక అసలు మనిషి సంగతి. అక్కడి కాలేజీలో నాకు రాజనీతి శాస్త్రం చెప్పిన మేష్టారు ఒకాయన ఉండేవారు. తెలుగువారే, కానీ ఒరియా పిల్లలు పెట్టిన పేరు అందరి నోటా పడి బాఘ సారు అయ్యారు. బాఘ అంటే పులి. మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండు క్లాసుల అవతలికి వినిపించేది. మూడేళ్ళు ఆయన క్లాసులో కూర్చున్నా నా పేరు ఆయనకు తెలీదు. కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి కనక "కిటికీ" అని పిలిచేవారు. అలాంటి బాఘ సారు ఒకనాడు మా పత్రికకు వ్యాసం ఇచ్చారు. పొరుగు దేశాలతో ఒక ఏడాది పొడుగునా ఢిల్లీ జరిపిన చర్చల మీద నలభై పేజీల వ్యాసం. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు అలిగి వెళ్ళారు, అన్నీ తేదీలతో సహా. పెద్దసారు ఇద్దరు రిఫరీలను ఎంచారు. నేను రెండు కట్టలు కట్టాను. మొదటి రిఫరీ నెల తిరక్కుండా "బాగుంది, అచ్చు వేయవచ్చు" అని ఒక్క వాక్యం రాసి పంపాడు. రెండో ఆయన ఢిల్లీలో పెద్ద పండితుడు. ఆయన దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడుసార్లు కార్డులు రాశాను. మూడూ రిజిస్టరులో గుండ్రంగా ఎక్కించాను.

ఈలోగా బాఘ సారు రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వెళ్తూ మా గుమ్మం దగ్గర సైకిలు ఆపేవారు. దిగేవారు కాదు, ఒక కాలు నేల మీద ఆన్చి అక్కణ్ణుంచే గర్జించేవారు.

"కఁణ రే, ఏట్రా కిటికీ! నా పేపరు బతికున్నాదా, నీ సేతిలో సచ్చిపోనాదా?"

"ఉందండి సార్. ఒక అభిప్రాయం రావాలండి."

"ఎవుడి దగ్గర్నుంచి?"

"అది... చెప్పకూడదండి."

"సెప్తే నీ తల తీసెస్తాను. సెప్పకు!" అని వెళ్ళిపోయేవారు. చెబితే తల తీస్తారట, చెప్పకపోయినా ఆయన చూపు అలాగే ఉండేది.

సంచిక అచ్చుకు వెళ్ళడానికి పది రోజుల ముందు పెద్దసారు కంటి ఆపరేషనుకని విశాఖపట్నం వెళ్ళారు. రిక్షా ఎక్కుతూ, "నాను తిరిగొచ్చీసరికి ఆ రెండో రిపోర్టు నా బల్ల మీదుండాల. నేకపోతే సంచిక ఆగిపోద్ది, బాఘ మనిద్దర్నీ తినెస్తాడు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని నాకు నవ్వు రాలేదు. ఆ మధ్యాహ్నమే ఢిల్లీ పండితుడి చిరునామా మరోసారి సరిచూద్దామని వెనకగదిలోకి వెళ్ళాను. అప్పడాల డబ్బా మూత మీద ఒక కట్ట ఉంది. గోధుమరంగు కాగితం, నేను కట్టిన పురికొస, నా గుండ్రటి చేతిరాతలో ఢిల్లీ పండితుడి పేరు.

అక్కడే పీట మీద కూర్చుని ఆ పేరు మళ్ళీ మళ్ళీ చదివాను. అమ్మగారు లోపలికి వచ్చి, "ఏటి బాబూ, అది కావాలా? ఎలకలు మూత తోసెస్తన్నాయని బరువుకెట్టినాను. తీసుకో, ఇంకో రాయేదైనా ఎడతాను" అన్నారు. ఆవిడకు అది రాయి. నాకు బండరాయి.

జరిగింది ఇది. నాకో అలవాటు ఉండేది. పోస్టాఫీసు నుంచి వచ్చాక అలసిపోయి ఉంటాం, రాత చెదురుతుంది కనక, బయల్దేరకముందే తీరిగ్గా రిజిస్టరులో "పంపబడినది" అని రాసేసేవాణ్ణి. ఆ రోజు నేను వెళ్ళేసరికి పోస్టాఫీసుకు సెలవు. కట్టను తిరిగి తెచ్చి వెనకగదిలో పెట్టాను. మర్నాడు రిజిస్టరు చూసుకుంటే "పంపబడినది" అని ఉంది. పంపేశాననే అనుకున్నాను, నా చేతిరాత మీద నాకంత నమ్మకం. మూడు నెలలుగా ఒక మహాపండితుడికి, ఆయనకు ఎన్నడూ చేరని వ్యాసం ఏమైందని నేను కార్డుల మీద కార్డులు రాస్తున్నాను.

ఇప్పుడు పోస్టు చేస్తే ఢిల్లీ చేరడానికి అయిదు రోజులు, రావడానికి అయిదు రోజులు, మధ్యలో ఆయన చదవాలి. అంత వ్యవధి లేదు. పెద్దసారుకు నిజం చెబితే ఉద్యోగం పోతుంది. రెండేళ్ళు బావగారి ఇంట్లో కూర్చుని తిన్నవాడికి ఆ ఉద్యోగం అంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు. ఆ రోజు డైరీలో "దారి తోచలేదు" అని ఉంది. మర్నాటి పేజీలో "తోచినది" అని ఉంది. తోచకపోయినా బాగుండేది.

రిపోర్టు నేనే రాశాను. రాయడమంటే రాశాను గాని, అంతర్జాతీయ సంబంధాల గురించి నాకు తెలిసిందల్లా బరంపురానికీ ఇచ్ఛాపురానికీ ఉన్న సంబంధమే. నలభై పేజీలూ రెండుసార్లు చదివితే ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కినవి తేదీలు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. బరంపురం రీడింగ్ రూములో నేను రోజూ కలకత్తా ఇంగ్లీషు పేపరు చదివి, ముఖ్యమైన వార్తలు డైరీలో ఎక్కించేవాణ్ణి (రేడియో వినొచ్చు కదా అంటారేమో; బావగారి రేడియోలో పాటలు మాత్రమే స్పష్టంగా వినిపించేవి, వార్తలకు గరగరమనేది). ఆ ఏడాది డైరీ తీసి, వ్యాసంలోని తేదీలు ఒక్కొక్కటే పోల్చాను. పేపర్లో వచ్చిందంటే అంతకుముందు రోజు జరిగిందని లెక్క కనక, నా డైరీ తేదీలోంచి ఒక రోజు తీసేశాను కూడా. అంత పద్ధతిగా చేశాను. ఏడు చోట్ల బాఘ సారు తేదీలు తప్పని తేలింది. వాటిలో ఆరు సరిగ్గా ఒక్క రోజు వెనక ఉన్నాయి. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. వచ్చింది కూడా. మేష్టారి గోడ కేలండరు పాతదేమోనని వచ్చింది.

అమ్మగారు అప్పడాలు ఒత్తుకుంటుండగా, ఆఫీసు టైపు మిషను మీద ఏడు తప్పులూ వరసగా కొట్టాను. చివర, అంతకుముందు వచ్చిన రిపోర్టుల్లోంచి ఎత్తిన ఒక వాక్యం తగిలించాను. వ్యాసం అచ్చుకు తగినదే గాని, రచయిత తేదీల విషయంలో మరింత శ్రద్ధ వహించవలెను. బాఘ సారుకు నేను శ్రద్ధ నేర్పుతున్నాను! ఆ వాక్యంలో అక్షరాలు తప్పి "శ్రద్ధ" అన్న మాట మూడుసార్లు కొట్టవలసి వచ్చింది.

పెద్దసారు ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ వేలాడదీసుకుని వచ్చారు. చదవకూడదని డాక్టరు చెప్పారట. "రిపోర్టొచ్చిందా? చదువు, వింటాను" అని పడక్కుర్చీలో వాలారు. నా రిపోర్టు నేనే నిలబడి పైకి చదివాను. పెద్దసారు కళ్ళు మూసుకుని ప్రతి తప్పుకీ తలూపారు. చదవడం అయ్యాక, "సూసినావా, ఢిల్లీ బుర్రంటే అదీ! నలభై పేజీల్లో ఏడు తేదీలు పట్టుకున్నాడు. ఆ నెక్కన మనమేటి, ఎందుకు పుట్టినాం!" అన్నారు. ఎందుకు పుట్టానా అని నేనూ అదే క్షణంలో అనుకుంటున్నాను. "పేరు లేకండా ఒక కాపీ కొట్టి బాఘకి ఇచ్చీ. సరిదిద్దుకుని తెమ్మను."

కాపీ ఇచ్చిన రోజు నుంచి మొదలవుతాయి ఆ తొమ్మిది పేజీలు. బాఘ సారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. సైకిలు మీదే కూర్చుని, కాగితం పైనుంచి కిందిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడు నెలలుగా రోజూ విన్న గర్జన వినిపించకపోవడం ఎంత భయంకరమో అప్పుడు తెలిసింది. ఆయన కాలేజీ లైబ్రరీలో కూర్చుని పాత పేపర్ల దొంతరలు దింపిస్తున్నారని ఎవరో అన్నారు. నాకు అన్నం సహించడం మానేసింది.

"ఏటిరా తమ్ముడూ, మూడు దినాలై సూస్తన్నాను, ముద్ద నోట్లోకి ఎల్లడం నేదు. ఏటయినాది?" అంది మా అక్క.

"ఏం లేదక్కా. పేపరు పని ఎక్కువగా ఉంది."

"పేపరు పనికి ఈపంతా సెమట్లేటిరా? నిజం సెప్పు. పిల్లెవుర్తైనా?"

"పిల్ల కాదక్కా. పులి."

"ఓలమ్మ! బాఘ సారా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన పేరు ఆడవాళ్ళ దాకా పాకిందన్నమాట. "ఏటి సేసినావురా ఆయన్ని?"

నేను కంచం పక్కకు జరిపాను. మా అక్క పొయ్యి దగ్గరికి వెళ్ళింది. గుప్పెడు ఉప్పు, రెండు ఎండు మిరపకాయలు నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసి, "పులి దిష్టికి ఇది సాల్దేమో గాని, ఉన్నది ఇదే" అంది.

ఆరో రోజు మధ్యాహ్నం అలవాటు కొద్దీ రీడింగ్ రూముకు వెళ్ళాను. పేపరు అప్పుడే వచ్చింది. తీసి చదవబోతుంటే బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడు, ఆ వెనకే ఆ గొంతు. బాఘ సారు ఎన్నడూ అక్కడికి రారు. ఆయన ఇంటికే పేపరు వస్తుంది. నేను చేతిలో పేపరు రెండు రెక్కలూ చాపి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ముక్కుకీ అక్షరాలకీ మధ్య జానెడు కూడా లేదు.

"ఈ కలకత్తా పేపరు ఇక్కడికి ఏ టైముకొస్తాది?" అని బాఘ సారు అక్కడి ముసలాయన్ని అడుగుతున్నారు.

"మజ్జానం బాబూ. రైల్లో దిగతాది. ఆలీస్యమైతే సాయంత్రం."

"ఏ దినం పేపరు?"

"ఏ దినం పేపరేటి బాబూ? ఇవాల్టి పేపరే! ఇవాలొచ్చింది ఇవాల్టిదే కదా!"

బాఘ సారు పెద్దగా నవ్వారు. ఆయన నవ్వు నేను అంతకుముందు వినలేదు. సరిగ్గా అప్పుడే, నా ముక్కుకు ఎదురుగా, పేజీ అంచున పేపరు పేరు పక్కన సన్నటి అక్షరాల్లో ఉన్న తేదీ నా కళ్ళకు ఆనింది. అది నిన్నటి తేదీ.

అన్నేళ్ళుగా ఆ వరస నేను చదవలేదు. అక్కడ ఎవరూ చదివేవారు కాదు. మాకు పేపరు వచ్చిన రోజే దాని తేదీ. ఢిల్లీలో సోమవారం చర్చలు జరిగితే మంగళవారం కలకత్తాలో పేపరు అచ్చవుతుంది. అది రైలెక్కి, దిగి, మా బల్ల మీదికి వచ్చేది బుధవారం. నేను బుధవారం పేజీలో రాసుకున్నాను. రిపోర్టు రాసేటప్పుడు ఒక రోజు తీసేసి, చర్చలు మంగళవారం జరిగాయన్నాను. బాఘ సారు సోమవారం అని సరిగ్గానే రాశారు. నేను దిద్దిన తేదీల్లో తప్పున్నది బాఘ సారుది కాదు, మా రైలుది. పేపరు అలాగే పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. ముసలాయన వచ్చి, "బాబూ, తలకిందులుగా చదువుతన్నావేటి?" అంటే ఈ లోకంలోకి వచ్చాను. పులి వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆఫీసు గుమ్మంలో సైకిలు ఆగింది. బాఘ సారు ఈసారి దిగారు. చేతిలో నా రిపోర్టు, తన వ్యాసం. పెద్దసారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను రిజిస్టరు ముందేసుకుని తల వంచేశాను.

"గురువుగారూ, మీ రెండో రిఫరీ ఢిల్లీ మనిషి కాడు. మనూరోడు."

"రిఫరీ ఎవుడో నువ్వడక్కూడదు, నాను సెప్పకూడదు. రూలు నీకూ తెలుసు."

"నానడగడం నేదు, నానే సెప్తన్నాను. పేపర్లన్నీ సూసినాను. నా తేదీలు కరక్టు. వీడు దిద్దినవన్నీ ముందుకెల్లిపోనాయి. రైల్లో దిగిన పేపరు చదివి, అదే ఇవాల్టిదనుకునేవోడు రాసిన రిపోర్టిది. ఈ బరంపురంలో కలకత్తా పేపరు చదివి, తేదీలు గుర్తెట్టుకుని, నన్ను కిందికి లాగాలని సూసేవోడు ఒక్కడే ఉన్నాడు. హిస్టరీవోడు!"

హిస్టరీ మేష్టారంటే బాఘ సారుకు ప్రాణస్నేహితుడు. ముప్పయ్యేళ్ళుగా ఇద్దరూ రోజూ కలిసి టీ తాగుతారని కాలేజీలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

"మూడు దినాలై వాడి మొకం సూడనేదు," అన్నారు బాఘ సారు. గొంతులో గర్జన లేదు, అదే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. "రేపు స్టాఫ్ రూములో అందరి ముందూ ఈ కాగితం వాడి మొకాన కొట్టి అడిగెస్తాను."

పెద్దసారు ఏదో అనబోయారు. అంతలో గదిలో ఒక సన్నటి గొంతు వినిపించింది. అది నాదేనని ఒక క్షణం తరవాత తెలిసింది.

"హిస్టరీ సారు కాదండి. నేనండి."

ఇద్దరూ నావైపు తిరిగారు. పెద్దసారు ఒక్క కన్నుతోనే చూశారు. రెండు కళ్ళూ ఉండి ఉంటే ఈ రోజు ఈ కథ రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు. అప్పడాల డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. పోస్టాఫీసు సెలవు, రిజిస్టరు, మూడు కార్డులు, డైరీ. అమ్మగారు గుమ్మంలోకి వచ్చి, "అయ్యో, ఆ రాయేనా!" అన్నారు.

"నువ్వా? కిటికీ, నువ్వా?" అన్నారు బాఘ సారు. "నీకు అంతర్జాతీయ సంబంధాలేటి తెలుసురా?"

"ఏమీ తెలీదండి. తేదీలే తెలుసండి."

"ఏదా డైరీ? అట్టుకురా!"

రెండు వీధులూ పరిగెత్తి వెళ్ళి, పరిగెత్తి వచ్చాను. బాఘ సారు డైరీ, రిపోర్టు, తన వ్యాసం మూడూ బల్ల మీద పరిచి, పెన్సిలుతో ఒక్కొక్కటీ పోల్చడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఆరో దాని దాకా పెన్సిలు చకచకా సాగింది. ఏడో దాని దగ్గర ఆగింది. వ్యాసంలోకి చూశారు, డైరీలోకి చూశారు. జేబులోంచి లైబ్రరీలో రాసుకున్న చీటీ తీసి చూశారు. పెన్సిలు కొన పంటి కింద పెట్టుకున్నారు.

"గురువుగారూ," అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా. "ఆరింటికీ ఒక్క దినం తేడా. దీనికి రెండు దినాలున్నాది. తేడా ఉన్నాదని సూసినాను గాని, ఎంతో నెక్కెట్టుకోనేదు."

"అంటే?"

"ఒక దినం ఈడి రైలుది. ఇంకో దినం..." పెన్సిలుతో తన వ్యాసంలో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టారు. "ఇంకో దినం నాది. నానే తప్పు రాసినాను. మొదటి రిఫరీ దీన్ని పట్టనేదు. బాగుందని రాసి పారేసినాడు. నలభై పేజీల్లో ప్రతి తేదీ పక్కనా వేలెట్టి సూసినోడు ఈ కిటికీ ఒక్కడే."

నేను ఏడ్చానని డైరీలో లేదు. ఏడ్చాను.

పెద్దసారు మాత్రం మెత్తబడలేదు. "తప్పు పట్టినందుకు నిన్ను మెచ్చుకోను. దొంగ రిపోర్టు దొంగ రిపోర్టే. పంపకండా పంపినానని రాసినావు, అదీ పెద్ద తప్పు. రేపు పొద్దున్న ఆ కట్ట పోస్టాఫీసుకు అట్టుకెల్లు. దాని మీద ముద్ర పడ్డం నీ కల్లతో సూసి, ఇంటికొచ్చి, అప్పుడు రాయి. సంచిక నెల ఆలస్యమవుద్ది. ఎందుకాలస్యమని అడిగినోళ్ళందరికీ జవాబు నీ సేత్తోనే రాయాల." ఉద్యోగం పోయిందో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు. రేపు పొద్దున్న అన్నారు కనక ఉన్నట్టే అనుకున్నాను. బాఘ సారు లేచి, గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నారు. "కిటికీ! ఈ దినం నుంచి నీ డైరీలో పేజీకి రెండు గడులు గియ్యి. ఒకటి జరిగింది. రెండోది నీకు తెలిసింది. రెండూ ఒకటి కావురా." సైకిలు ఎక్కి, హిస్టరీ మేష్టారి ఇంటి వైపు తొక్కుకుంటూ వెళ్ళారు. ఆ రోజు డైరీలో కూడా "భయం" అనే ఉంది. అలవాటైపోయి ఉంటుంది.

ఆ సంచిక వచ్చినప్పుడు పెద్దసారు నాకో కాపీ ఇచ్చారు. నేను దాన్ని తెరవలేదు. మళ్ళీ ఏ తేదీ కంటపడుతుందోనని అలాగే ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశాను. మూడేళ్ళ తరవాత ఛత్రపురంలో ప్రభుత్వ గుమాస్తాగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. ఎక్కడ ఉన్నా డైరీలో రెండు గడులు గీస్తూనే ఉన్నాను, ఇప్పటికీ గీస్తున్నాను. ఫోనులో అన్నీ జరిగిన నిమిషానికే తెలిసిపోతుండటంతో ఈమధ్య రెండు గడుల్లోనూ ఒకే తేదీ పడుతోంది, చూసినవాళ్ళు నన్ను చాదస్తుడంటారు. కానీ పాత పుస్తకాల్లో అలా లేదు. పెద్దసారు పోయిన వార్తకు రెండు గడుల మధ్య నాలుగు రోజులు. బాఘ సారు పోయిన వార్తకు పదిహేడు రోజులు.

మొన్న డాబా మీద ఆ తొమ్మిది పేజీలు చదివాక, పెట్టె అడుగున ఉన్న ఆ సంచిక కూడా ఎండలో పెట్టాను. గాలికి అదే తెరుచుకుంది. బాఘ సారు వ్యాసం మొదటి పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. పేరు చెప్పడానికి వీల్లేని ఒక స్థానిక పండితుడు ఈ వ్యాసంలోని తేదీలన్నీ సరిచూశారు, వారు ఆరు చోట్ల పొరబడ్డారు, రచయిత ఒక చోట పొరబడ్డాడు, వారికి కృతజ్ఞతలు అని దాని సారాంశం. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. నన్ను కిటికీ అని తప్ప ఏనాడూ పిలవని మనిషి, పండితుడన్నారు. అదీ అచ్చులో. నేను తెరిచి చూసి ఉంటే ఆయన గుమ్మం ముందు నిలబడి ఒక్క నమస్కారమైనా పెట్టి వచ్చేవాణ్ణి.

ఆ సాయంత్రం డైరీలో మొదటి గడిలో ఆ సంచిక వచ్చిన తేదీ వేశాను, రెండో గడిలో ఆ రోజు తేదీ వేశాను. మధ్యలో ఎన్నేళ్ళో లెక్కపెట్టబోయి ఊరుకున్నాను. రీడింగ్ రూములో పేపరు తలకిందులుగా పట్టుకుని వణుకుతున్న ఆ ఇరవై రెండేళ్ళ వాడు గుర్తొచ్చాడు. వాడి భుజం తట్టి ఈ వార్త చెప్పాలనిపించింది. రైలు ఈసారి మరీ ఆలస్యమైందిరా కిటికీ, కానీ పేపరు వచ్చింది.